ఆరు ఓట్లకి పావుగంట

మా పెద్దనాన్నకి ఉన్న పిచ్చి ఒక్కటే: ఓటింగు. ఇంట్లో ఏ పనైనా సరే, చిన్నదైనా పెద్దదైనా, ఓటింగు పెట్టకుండా జరగడానికి వీల్లేదు. వంకాయ వండాలా బెండకాయ వండాలా? ఓటింగు. గేటుకి పచ్చరంగు వేయాలా నీలం వేయాలా? ఓటింగు. ఒకసారి పెద్దమ్మకి పన్నుపోటు వచ్చి చెంప పట్టుకుని గిలగిల్లాడుతుంటే, పీకించాలా వద్దా అని ఈ మహానుభావుడు చీటీలు కత్తిరిస్తూ కూర్చున్నాడు. నేను నిర్ఘాంతపోయాను. ఆ ఇంట్లో నేను నిర్ఘాంతపోవడం అదే మొదలూ కాదు, అదే ఆఖరూ కాదు.

ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన ఓ ఆఫీసులో హెడ్‌క్లర్కు. ఎన్నికలు వచ్చాయంటే ఆ ఆఫీసులో సగం మందికి లేని నడుంనొప్పి పట్టుకునేది. పెద్దనాన్న మాత్రం ఉన్న జ్వరం దాచిపెట్టుకుని మరీ పోలింగు డ్యూటీకి పరిగెత్తేవాడు. ఆ సరదా ఇంటికి ఎప్పుడు పట్టుకొచ్చాడో పెద్దమ్మకి కూడా గుర్తులేదు. మూతకి కంత పెట్టిన పాత బిస్కెట్ల డబ్బా బ్యాలట్ పెట్టె. ఇస్త్రీబల్ల చుట్టూ దుప్పటి కడితే పోలింగు బూత్. ఓటేసి బయటికి రాగానే స్టాంపు ప్యాడ్ మీద ఎడమచేతి చూపుడువేలు అద్దాలి. ఏడాది పొడుగునా మా అందరి వేళ్లూ నీలంగానే ఉండేవి. మా ఆఫీసులో "ఏంటి, మీ వీధిలో మళ్లీ ఎన్నికలా?" అని అడిగితే జవాబు చెప్పలేక చచ్చేవాణ్ణి.

ఓట్లు లెక్కపెట్టడం మాత్రం ఆయన ఒక్కడి పని. డబ్బా చంకన పెట్టుకుని స్టోరు గదిలోకి వెళ్లి గడియ పెట్టుకునేవాడు. అంతే, పావుగంట దాకా బయటికి రాడు.

"ఆరు ఓట్లకి పావుగంటేమిటండీ!" అని పెద్దమ్మ తలుపు బాదేది. "ఈపాటికి నేను బియ్యంలో రాళ్లేరి, కడిగి, పొయ్యి మీద పెట్టేసేదాన్ని."

"లెక్కింపు జరుగుతున్నప్పుడు అధికారిని కదిలించకూడదు" అని లోపల్నుంచి గొంతు వినిపించేది.

కుళాయి బాగుచేయడానికి వచ్చిన ప్లంబరుని కూడా వదల్లేదు. "ఇంట్లో ఉన్నావు కాబట్టి నీకూ ఓటుంది" అని చేతిలో చీటీ పెట్టాడు.

"అయ్యా, నేను కుళాయి కోసం వచ్చానండి."

"అది తరవాత. ముందు సోఫా ఈ గోడకి వేయాలా, ఆ గోడకి వేయాలా? ఆఁ ఆఁ, పైకి చెప్పకు! రాసి, మడిచి, డబ్బాలో వెయ్యి."

పాపం అతను వేలికి సిరా పూయించుకుని, రెంచీ అక్కడే మర్చిపోయి వెళ్లిపోయాడు. తరవాత ఎన్నిసార్లు ఫోన్ చేసినా రాలేదు. ఆ రెంచీ ఇంకా మా దగ్గరే ఉంది.

అన్నట్టు, నేను కూడా ఆ ఇంటికి ఓట్లతోనే వచ్చినవాణ్ణి. నాకు తొమ్మిదేళ్లప్పుడు, తాము పనిచేసే చోట బడి లేదని అమ్మానాన్నా నన్ను పెద్దనాన్న దగ్గర ఉంచాలనుకున్నారు. నాన్న నన్ను తీసుకొస్తే, పెద్దనాన్న నన్నూ నా ట్రంకుపెట్టెనీ గుమ్మంలోనే నిలబెట్టి ఓటింగు పెట్టాడు! సొంత తమ్ముడి కొడుకుని! అప్పుడు మా నాన్న మొహం చూడాలి మీరు. అప్పట్లో ఇంట్లో ఓట్లు నాలుగు: పెద్దనాన్న, పెద్దమ్మ, నాయనమ్మ, నాకన్నా మూడేళ్లు పెద్దవాడైన అన్నయ్య. నాలుగు ఓట్లకీ పావుగంటే పట్టింది. "ఉండాలి మూడు, వద్దు ఒకటి. పిల్లాడు నెగ్గాడు" అని ప్రకటించాడు పెద్దనాన్న.

ఆ వారంలోనే అన్నయ్య కిటికీ పక్కనున్న తన మంచం నాకిచ్చేశాడు. పెద్దమ్మ బీరువాలోంచి కొత్త దుప్పటి తీసి కప్పింది. నాయనమ్మ ఊలు టోపీ అల్లిపెట్టింది. నేనంటే వీళ్లకి ఎంత ప్రేమో అని ఉబ్బిపోయాను. ఆ ఒక్క వద్దు ఎవరిదా అని మొదట్లో నాయనమ్మని అనుమానించాను కానీ, టోపీ పెట్టుకున్నాక ఆ అనుమానం కూడా పోయింది.

ఇక గుమాస్తా సంగతి. గుమాస్తా అంటే మా కుక్క. నాయనమ్మ పోయాక, అన్నయ్యకి పెళ్లయి, కూతురు పుట్టి, ఆ చిన్నదానికి ఏడేళ్లొచ్చాక అన్నయ్యే తెచ్చాడు దాన్ని. పేరున్న జాతి. పోస్టర్లలో ఈ జాతి కుక్కలకి చెవులు కత్తుల్లా నిక్కబొడుచుకుని ఉంటాయి. మావాడికేమో రెండు తడిగుడ్డలు ఆరేసినట్టు వేలాడేవి. ఎప్పుడు చూసినా పై అధికారి చేత చీవాట్లు తిన్న మొహం, అందుకే ఆ పేరు. పాలు తాగితే ముందు చెవులే గిన్నెలో మునిగేవి. తాగి తల విదిలించిందంటే గోడ మీద చుక్కలే చుక్కలు. పెద్దమ్మ గుడ్డ పట్టుకుని దాని వెనకే తిరిగేది.

ఒకరోజు అన్నయ్య ఆఫీసునుంచి రాగానే అన్నాడు. "దీని చెవులకి ఆపరేషన్ చేయిద్దాం."

నా చేతిలో కాఫీ ఒలికింది. "చెవులకేమైంది? చీము పట్టిందా?"

"ఏమీ కాలేదు. అందానికి. పైనెల కుక్కల పోటీ ఉంది. డాక్టరుతో మాట్లాడాను. చెవులు మూడొంతులు కోసేసి, అంచులు కుట్టి, అట్టముక్కలకి కట్టి నిలబెడతారట. నెల తిరిగేసరికి నిక్కబొడుచుకుంటాయి. కావాలంటే తోక కూడా పొట్టి చేస్తారట."

"అయితే దీనికి వినపడ్డంలో తేడా ఏమైనా..."

"ఏ తేడా లేదు. చూడ్డానికి బావుంటుంది, అంతే."

ఓరి నాయనో! బాగున్న చెవులు కోయడమేమిటి! వదిన మాత్రం తలూపింది. "వీధిలో అందరూ మీ కుక్క ఏడుస్తోందా అని అడుగుతున్నారు. సిగ్గుతో తల కొట్టేసినట్టుంటోంది." పెద్దమ్మ గోడ వైపు చూసి నిట్టూర్చింది. గుమాస్తా ఈ మాటలన్నీ వింటూ, ఎవరి గురించో అన్నట్టు అన్నయ్య చెప్పు నాకుతూ పడుకుంది.

చిన్నది మాత్రం ఒక్క ఉదుటున వచ్చి దాని మెడ కావలించుకుంది. ఆ పిల్ల బళ్లో జరిగినవన్నీ గుమాస్తాకే చెప్పేది. చెవి పైకెత్తి, లోపలికి గుసగుసలాడి, మళ్లీ చెవి కిందికి దించి చేత్తో అదిమేది. అలా మూత పెడితే రహస్యం బయటికి పోదట.

"చెవులు కోస్తే నేను చెప్పినవన్నీ బయటికొచ్చేస్తాయి తాతా!" అని గోలపెట్టింది.

"ఎవరూ ఏడవకండి. ఎవరూ కోయకండి" అన్నాడు పెద్దనాన్న, కత్తెర తీస్తూ. గుమాస్తా చెవులకేమోనని అందరం ఉలిక్కిపడ్డాం. ఆయన కాగితం చీటీలుగా కత్తిరించాడు. "ఆదివారం పదింటికి పోలింగు. చేయించాలా, వద్దా."

ఆదివారం దాకా ఇంట్లో ప్రచారం హోరెత్తింది. చిన్నది ప్రతి తలుపుకీ చెవి బొమ్మ అంటించింది. అన్నయ్య నన్ను పక్కకి పిలిచి, చేయించాలి అని ఓటేస్తే పోటీ అయ్యేదాకా తన బైకు నాదేనన్నాడు. నేనేమన్నానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తోంది.

పోలింగు రోజున చిన్నది ఇంకో పేచీ పెట్టింది. "చెవులు దానివి కదా. గుమాస్తాకి ఓటు లేదా?"

పెద్దనాన్న గంభీరంగా ఆలోచించి, "అభ్యర్థికి ఓటు ఉంటుంది" అని తీర్పిచ్చాడు. గుమాస్తాని ఇస్త్రీబల్ల దగ్గరికి తీసుకెళ్లి, పంజాకి సిరా పూసి, చీటీ ముందు పెట్టాడు. అది చీటీని వాసన చూసి, నమిలి, మింగేసింది. ఆ తరవాత నీలం పంజాతో ఇల్లంతా తిరిగొచ్చింది. పెద్దమ్మ నేల చూసి అక్కడే కూలబడింది.

"చెల్లని ఓటు ఒకటి" అని రాసుకున్నాడు పెద్దనాన్న, కళ్లజోడు సవరించుకుంటూ.

మేం ఆరుగురం ఒక్కొక్కరం వెళ్లి వేశాం. నేను చేయించాలి అని రాశాను. తెర తీసి బయటికొస్తే ఎదురుగా గుమాస్తా నిలబడి తోక ఊపుతోంది. దాని కళ్లలోకి చూడలేకపోయాను. అయినా బైకు బైకే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

స్టోరు గది గడియ పడింది. చిన్నది గోడకి ఆనుకుని, గుమాస్తా రెండు చెవులూ రెండు చేతులతో మూసి పట్టుకుంది. పావుగంట. పెద్దమ్మ కూడా ఈసారి తలుపు బాదలేదు.

పెద్దనాన్న బయటికొచ్చి గొంతు సవరించుకున్నాడు. "చేయించాలి... ఒకటి. వద్దు... అయిదు. చెవులు నెగ్గాయి."

అంటే వద్దన్నవాళ్లు అయిదుగురా? అడిగిన అన్నయ్య కూడా మనసు మార్చుకున్నాడా? ఇంత మంచివాళ్ల మధ్య బైకు కోసం నోరులేని జీవి చెవులు కోయమన్నది నేనొక్కణ్ణేనా! చిన్నది ఒక్క కేక పెట్టి తాత మెడకి వేలాడింది. ఆయన చేతిలో చీటీలు చింపి పారేయడానికి కూడా వీల్లేక చొక్కా జేబులో కుక్కేశాడు.

"తాతా, ఆ ఒక్కరూ ఎవరు?" అంది చిన్నది, మా అందర్నీ చూస్తూ.

నేను నేల చూశాను. ఓరగా చూస్తే అన్నయ్య కూడా నేలే చూస్తున్నాడు. వదిన గాజులు సర్దుకుంటోంది. పెద్దమ్మ ఉన్నట్టుండి దగ్గింది.

"బ్యాలట్ రహస్యం" అన్నాడు పెద్దనాన్న.

సాయంత్రానికల్లా నేను గుమాస్తాకి సబ్బు పెట్టి స్నానం చేయించాను, మనసు ఊరుకోక. వచ్చి చూస్తే అన్నయ్య కొత్త బెల్టు కొనుక్కొచ్చి దాని మెడకి కడుతున్నాడు. వదిన తన మెత్తటి శాలువా చింపి పరుపు కుడుతోంది. పెద్దమ్మ అన్నిటికన్నా పెద్ద గిన్నె నిండా పాలు పోసింది. గుమాస్తా తాగి, తల విదిలించి, గోడంతా చుక్కలు చేసింది. "పోన్లే, పాపం" అంది పెద్దమ్మ! పెద్దమ్మ! తప్పు చేసింది నేనైతే వీళ్లంతా ఇంత ముద్దు చేస్తారేమిటా అనుకున్నాను.

ఓటు రుచి మరిగిన కుక్క ఊరుకుంటుందా? మర్నాడు పొద్దున్నే కొక్కేనికి తగిలించిన పెద్దనాన్న చొక్కా లాగి, జేబులోవన్నీ తీసుకొచ్చి నా మంచం కింద విందు మొదలుపెట్టింది. నోట్లో చేయి పెట్టి లాగాను. మొదటి చీటీ: చేయించాలి. కుడికి వాలిపోయిన ఆ అక్షరాలు అన్నయ్యవి. రెండోది: చేయించాలి, కింద గీత. ఏం రాసినా కింద గీత కొట్టేది వదినే. మూడోది: చేయించాలి, గోడ తుడవలేక చస్తున్నాను. ఇది ఎవరిదో వేరే చెప్పాలా! నాలుగోది నాది. అయిదోది చెవి బొమ్మ వేసిన వద్దు. ఆరోది పెద్దనాన్న గుండ్రటి వద్దు.

నాలుగు, రెండు! పోలింగు డ్యూటీ కోసం జ్వరం దాచుకున్న మనిషి! రిగ్గింగు!

పరిగెత్తుకెళ్లాను. వసారాలో స్కేలు పెట్టి కొత్త చీటీలు కత్తిరించుకుంటున్నాడు.

"పెద్దనాన్నా! ఇది మోసం!"

"నెమ్మదిగా మాట్లాడు. ఏది మోసం?"

తడి చీటీలు ముందు పరిచాను. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, వాటిని చూసి, నన్ను చూశాడు. "రీకౌంటింగు కావాలంటే రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టు. చిన్నదాన్ని ఎదురుగా కూర్చోబెట్టి మళ్లీ లెక్కపెడతాను."

ఆరు ఓట్లకి పావుగంట ఎందుకు పడుతుందో ఇన్నేళ్లకి అర్థమైంది. అది లెక్కపెట్టడానికి కాదు, ఏ లెక్క చెప్పాలో తేల్చుకోవడానికి.

"ఎన్నాళ్లనుంచి ఇలా?"

"మొదట్నుంచీ."

మొదట్నుంచీ అనగానే నాకు గుమ్మం గుర్తొచ్చింది, ట్రంకుపెట్టె గుర్తొచ్చింది. "పెద్దనాన్నా... నేను వచ్చిన రోజు... నాకు నిజంగా ఎన్ని వచ్చాయి?"

ఆయన తలెత్తలేదు. కత్తెర మాత్రం ఒక్క క్షణం ఆగింది. "సరిపడా వచ్చాయిరా" అన్నాడు.

కిటికీ పక్క మంచం. కొత్త దుప్పటి. ఊలు టోపీ. కొత్త బెల్టు, శాలువా పరుపు, పెద్ద గిన్నెడు పాలు. నేను అక్కడే మెట్టు మీద చతికిలబడ్డాను. ఏడుపు రావాల్సింది, కానీ ఎందుకో నవ్వొచ్చింది, ఎంత ఆపుకున్నా ఆగలేదు. ఆయన పట్టించుకోకుండా చీటీలు కత్తిరించుకుంటూనే ఉన్నాడు.

ఆ సాయంత్రం పెరట్లో గుమాస్తా చెవులు దువ్వుతుంటే అన్నయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఒరేయ్, ఎవరికీ చెప్పనంటే ఒకటి చెప్తాను. ఎప్పట్నుంచో మనసులో ఉండిపోయింది. ఆ ఒక్క ఓటూ నాదేరా."

"ఏ ఎన్నికలో అన్నయ్యా?"

తల గోక్కున్నాడు. "రెండింట్లోనూ."

నేను గుమాస్తా చెవి కిందికి దించి చేత్తో అదిమాను. "బ్యాలట్ రహస్యం అన్నయ్యా. అలా పైకి చెప్పకూడదు" అన్నాను.