టీచరుగారు వద్దన్న మధ్యాహ్నం

మా టీచరుగారు పోయారన్న కబురు నాకు మంగళవారం ఉదయం ఆఫీసుకు వెళ్తుండగా మెట్రోలో తెలిసింది. మా పిల్లలు ఆవిడ దగ్గర ఈత నేర్చుకునే రోజుల్లో తల్లిదండ్రులం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో రెండు లైన్ల ఇంగ్లీషు సందేశం వచ్చింది. ఫరీదాబాద్‌లో చెల్లెలి ఇంట్లో ఉండగా గుండె ఆగిందట. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నేనూ ఒకటి పెట్టాను. పెట్టాక ఆ వరసలో నా పేరు చూసుకుని సిగ్గేసింది. ఆవిడ విషయంలో నేను చెప్పవలసింది ఆ బొమ్మతో తీరేది కాదు.

ఇది చదివేవారిలో కొందరికైనా ఆవిడ తెలిసే ఉంటుంది. భీమిలి మనిషి. ఢిల్లీలో ఒక స్కూల్లో పీటీ టీచరుగా చాలా ఏళ్లు చేసి, మానేశాక ఢిల్లీ పక్కనే వైశాలిలో మా ఇంటికి దగ్గరలోని ఈతకొలనులో పిల్లలకు నేర్పేవారు. మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్లు, నీళ్లంటే వణికేది. మొదటి వారం టీచరుగారు దాన్ని నీళ్లలోకి దించనే లేదు. గట్టు మీద కూర్చోబెట్టి కాళ్లు ఆడించమని, పక్కనే కూర్చుని వేయించిన పల్లీలు తింటూ కబుర్లు చెప్పేవారు. అమ్మాయి హిందీలో అడిగేది, ఆవిడ తెలుగులోనే జవాబిచ్చేవారు. ఎనిమిదో రోజు అదే దిగింది.

"భయపడేవాళ్లని ఎంత దూరమైనా తీసుకెళ్తాను తమ్ముడూ. భయమేస్తే చెప్తారు కదా. సిగ్గుపడేవాళ్లతోనే నాకు చిక్కు" అన్నారు ఆవిడ నాతో. మెచ్చుకోలుగా నవ్వి ఊరుకున్నాను. ఆ చిక్కు నేనే అవుతానని అప్పుడు తెలియదు.

చలికాలం వస్తే ఆవిడ ఇంకో మనిషి. ఢిల్లీలోని ఒక టూర్ల కంపెనీ తరఫున మాలాంటి ఆఫీసు జనాన్ని కర్ణాటక తీరానికి తీసుకెళ్లి, సముద్రంలో కయాక్ నడపడం నేర్పేవారు. కయాక్ అంటే మనిషి నడుము దాకా ఒదిగి కూర్చునే సన్నటి పడవ. ఒకటే తెడ్డు, దానికి రెండు వైపులా రెక్కలు. బస ఏటి ఒడ్డున ఒక పాత ఎర్రరాతి ఇల్లు. కొబ్బరాకుల కప్పు, ఫ్యాను తిరిగితే తిరిగినట్టు, వరండా మెట్లు దిగితే ఇసక, ఇసక దాటితే నీళ్లు. అక్కడి నుంచి పావుగంట తెడ్డు వేస్తే ఏరు సముద్రంలో కలిసే మొగ.

మా సెక్షన్ నుంచి ఆరుగురం వెళ్లాం. ఆవిడను సూచించింది నేనే. ఆరో మనిషిగా మా డైరెక్టరుగారు కూడా వస్తానన్నారు. ఆయన వస్తే అది సరదా ప్రయాణం కాదని మిగతావాళ్లు గొణిగారు గాని, ఎవరం పైకి అనలేదు.

మొదటి రెండు రోజులూ నేను ఎంత సుఖపడ్డానో చెప్పకపోతే ఆవిడకు అన్యాయం చేసినట్టే. తెల్లారేసరికి మమ్మల్ని లేపి, బలవంతంగా ఒక్కో గ్లాసు నీళ్లు తాగించేవారు. నీరు ఎక్కే పోటు ఎప్పుడు, తీసే పాటు ఎప్పుడు అన్నది బాల్‌పెన్‌తో తన ముంజేతి మీద రాసుకునేవారు. నేను తెడ్డుతో నీళ్లను బాదుతుంటే పక్కకు వచ్చి, "కొట్టకు తమ్ముడూ, పట్టుకో. పట్టుకుని నువ్వు ముందుకెళ్లు" అనేవారు. ఒక్కసారి సరిగ్గా పట్టుకున్నాను. పడవ చప్పుడు లేకుండా జారింది. నలభై మూడేళ్ల గుమాస్తాను, చిన్నపిల్లాడిలా వెనక్కి తిరిగి ఆవిడ చూశారా లేదా అని చూశాను. చూశారు.

ఆవిడ పెట్టిన నియమం ఒకటే. మధ్యాహ్నం పన్నెండు దాటాక మొగ వైపు ఎవరూ వెళ్లకూడదు. అప్పుడు సముద్రం మీది నుంచి గాలి లేస్తుంది. అదే వేళకు పాటు కూడా అయితే ఏటి నీరు బయటికి లాగుతుంది, గాలి లోపలికి తోస్తుంది, రెండూ మొగ దగ్గర కొట్టుకుని అలలు గోడల్లా నిలబడతాయి. ఇదంతా ఇసక మీద పుల్లతో గీసి మాకు చెప్పారు.

మూడో రోజు ఉదయమంతా డైరెక్టరుగారు ఫోన్లో మీటింగులో ఉండిపోయారు. మధ్యాహ్నం భోజనమయ్యాక, మొగ బయట ఉన్న బండల దాకా వెళ్లొద్దామన్నారు. టీచరుగారు వద్దన్నారు. మర్నాడు ప్రయాణం కదా, మళ్లీ ఎప్పుడొస్తానని ఆయన హిందీలో వాదించారు. ఆవిడ మెల్లగానే, ఠీక్ హై సార్, రేపు తెల్లవారుజామున మీ ఒక్కరినే తీసుకెళ్తానని చెప్పి, చేతి మీది అంకెలు చూపించి, గిన్నెలు సర్దడానికి వంటింట్లోకి వెళ్లారు. ఆయన నా వైపు తిరిగి, చలో అన్నారు. అంతే. నా వార్షిక రిపోర్టు రాసేది ఆయనే. బదిలీల జాబితా ఆయన బల్ల మీదే ఉంది. ఇద్దరు కూర్చునే కయాక్‌ను నేనే వెనక నుంచి పట్టి నీళ్లలోకి తోశాను.

మొగ దగ్గర మూడో అలకే తిరగబడ్డాం. లైఫ్ జాకెట్లు ఉన్నాయి గాని ఏరు మమ్మల్ని సముద్రంలోకి లాక్కుపోతోంది. ఎంతసేపో తెలియదు. ఆవిడ ఒంటి మనిషి కయాక్‌లో అల మీది నుంచి దిగుతూ కనిపించారు. ముందు మా పడవను తిప్పి, తన పడవకు ఆనించి పట్టుకుని, ఎక్కమన్నారు. నేను ఎక్కాను. డైరెక్టరుగారు పడవను వదిలేసి ఆవిడ కుడిచేతిని పట్టుకుని వేలాడారు. అదే సమయానికి అల లేచింది. ఆవిడ నోట ఒక శబ్దం వచ్చింది, అంతే. ఆయనను వదిలించుకోలేదు. ఎక్కించాకే ఎడమచేత్తో తాడు కట్టి, మొగకు ఎదురెళ్లకుండా పక్కకు లాగి, దూరంగా ఉన్న ఇసక మీదికి చేర్చారు.

ఆ సాయంత్రం టీచరుగారు వరండాలో నా పక్కన కూర్చున్నారు. చెయ్యి చున్నీతో మెడకు కట్టుకున్నారు.

"పాటు అని నీకు తెలుసు కదా తమ్ముడూ?"

"తెలుసండీ."

"మరి ఆయనకి చెప్పలేదేటి?"

ఆవిడ కాసేపు చూసి, అన్నం చల్లారిపోతుంది, పోయి తినమన్నారు.

ఢిల్లీ వచ్చిన వారానికి డైరెక్టరుగారు టూర్ల కంపెనీకి ఉత్తరం తయారు చేయించారు. ప్రతికూల వాతావరణంలో గైడ్ మమ్మల్ని సముద్రంలోకి పంపిందని, ఆమె నిర్ణయలోపం వల్ల ఇద్దరి ప్రాణాలకు ముప్పు వచ్చిందని అందులో ఉంది. కింద ఆయన సంతకం, పక్కన నా పేరుకు ఖాళీ. మిగతా నలుగురూ ఆ వేళ పడుకుని ఉన్నారు కాబట్టి సాక్ష్యం నాది ఒక్కటే. సంతకం పెట్టాను. ఆ ఏడు నన్ను ఎక్కడికీ బదిలీ చేయలేదు.

కంపెనీ ఆవిడను పిలవడం మానేసింది. కుడి భుజం మళ్లీ పైకి లేవలేదు, కాబట్టి ఈత పాఠాలూ ఆగిపోయాయి. ఫరీదాబాద్‌లో చెల్లెలి దగ్గరికి మారిపోయారు. ఏడాది తర్వాత ధైర్యం చేసి వెళ్లాను. ఎడమచేత్తో టీ కాచి ఇచ్చారు. అమ్మాయి చదువు అడిగారు. నేను క్షమాపణ మొదలుపెట్టేలోపే ఆవిడే అడిగారు.

"సంతకం పెట్టేముందు ఆ కాగితం చదివారా మీరు?"

"చదివానండీ."

"అచ్ఛా."

తమ్ముడూ అని పిలవలేదు. అంతకుముందు ఎన్నడూ నన్ను మీరు అనని మనిషి. తిట్టి ఉంటే మళ్లీ వెళ్లేవాణ్ణి. ఆ మీరు అన్న మాట విన్నాక ఆ గడప తొక్కలేకపోయాను. ఐదేళ్లు గడిచిపోయాయి.

మొన్న ఆదివారం వెళ్లాను, ఆవిడ లేని ఇంటికి. చెల్లెలుగారు కుర్చీ వేశారు. మాటల్లో ఆ చెల్లెలే అన్నారు, ఆ రోజు అక్కకు గాలి అంచనా తప్పిందట, తన పొరపాటు వల్లే ఇద్దరు మునగబోయారట, అక్కే చెప్పిందని. ఇన్నేళ్లూ ఆ ఇంట్లో మా ఉత్తరం నిజమై నిలిచింది. సొంత చెల్లెలి దగ్గర కూడా టీచరుగారు నా పేరు ఎత్తలేదు. అది క్షమించడం కాదనే నా నమ్మకం. నా గురించి చెప్పడం ఆవిడకు దండగ అనిపించి ఉంటుంది.

జరిగినదంతా చెప్పాను. చెల్లెలుగారు చివరిదాకా విని అడిగారు.

"ఈ మాట అక్క బతికుండగా ఎవరికైనా చెప్పారా?"

"లేదండీ."

ఆవిడ లేచి, తలుపు తీసి, నేను చెప్పులు వేసుకునేదాకా పట్టుకుని నిలబడ్డారు.

ఇంటికొచ్చి అమ్మాయికి చెప్పాను. దానికిప్పుడు పదహారు. ఆప్‌నే సైన్ కియా థా, పాపా? సంతకం మీరు పెట్టారా అని ఒక్కసారే అడిగింది. అప్పటి నుంచి నాతో అవసరానికే మాట్లాడుతోంది. అందుకే ఇది అచ్చులో పెడుతున్నాను. ఆ మధ్యాహ్నం టీచరుగారు వద్దన్నారు. మేమే వెళ్లాం. ప్రాణాలు దక్కించింది ఆవిడ. అబద్ధం రాసింది మేము.

ఆ ఆదివారం తిరుగు ప్రయాణంలో, ఇంద్రప్రస్థ దాటాక మెట్రో యమున మీదికి వచ్చింది. కింద నల్లటి నీళ్ల మీద చెక్క పడవలో ఒక మనిషి నిలబడి గడ వేస్తున్నాడు. ప్రవాహానికి అడ్డంగా, అవతలి ఒడ్డు వైపు. పెట్టెలో ఎవరూ కిటికీలోంచి చూడటం లేదు. వంతెన అయిపోయేసరికి అతను నది నడిమికి కూడా రాలేదు.