బురదలో దిగబడిన వదిన

ఆ వీధిలో అందరూ ఆమెను మిషనమ్మ అనే పిలిచేవారు. జాకెట్లు, కర్టెన్లు, దిండు గలీబులు, ఏమిచ్చినా కుట్టిపెట్టేది. సముద్రం పక్కనే పుట్టి పెరిగినా ఆమెకు నీళ్లంటే చచ్చేంత భయం. చిన్నప్పుడు ఒక అల ఆమె కాళ్లకింది ఇసుకను లాగేస్తే, తండ్రి జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చాడు. అప్పటినుంచి ఒడ్డు దరిదాపులకు కూడా పోలేదు.

భర్త అక్క, అంటే ఆమెకు వదిన, నర్సుగా రిటైరై తీరాన్ని కాపాడే స్వచ్ఛంద బృందంలో చేరింది. ఊరి చివర తీరమంతా రక్షిత ప్రాంతం. అక్కడి గులకరాళ్ల మధ్య పిట్టలు గుడ్లు పెడతాయి. రాయేదో గుడ్డేదో తెలియక జనం తొక్కేస్తారని, బృందం గూళ్ల చుట్టూ తాళ్లు కట్టి జెండాలు పాతేది. ఆ జెండాలు కుట్టేది మిషనమ్మే.

"కుట్టడమేనా, ఒక్కసారి వచ్చి చూడవే" అనేది వదిన.

"నా గుండె ఆగిపోతే?"

"నేను నర్సునే కదా!"

సముద్రానికి పెద్ద పోటు రాబోతోందని తెలిసిన ఒక ఉదయం, వదులైన జెండా గుంజలు బిగించడానికి వదిన బయలుదేరింది. మిగతావాళ్లు పనుల్లో ఉన్నారు. మోకాళ్ల నొప్పితో ఆమె ఒక్కతే సామాను మోయడం చూడలేక మిషనమ్మ వెంట వెళ్లింది.

రాళ్ల మీద అడుగు తీసి అడుగు వేస్తుంటే ఒక బూడిదరంగు పిట్ట, రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ ముందు పరుగెత్తింది. "దెబ్బేమీ లేదు. మనల్ని గూడుకు దూరంగా లాక్కెళ్లాలని నాటకం" అంది వదిన. మిషనమ్మ భయం మరిచి నవ్వింది.

అంతలో రాళ్ల అవతల బురదలో పడివున్న వలముక్క వదిన కంటబడింది. పిట్టల కాళ్లకు చుట్టుకుంటుందని తీయబోయింది. రెండడుగులు వేసిందో లేదో, ఒక కాలు మోకాలిదాకా దిగిపోయింది. లాగేకొద్దీ ఇంకా కిందికి పోయింది. దూరంగా బురద మధ్య కాలువల్లోకి పోటు నీళ్లు ఎగబాకుతున్నాయి.

మిషనమ్మ వెంటనే, బృందంలోనే ఉన్న పడవ మెకానిక్‌కు ఫోన్ చేసింది. "వస్తున్నా, ఆమెను కదలొద్దని చెప్పండి" అన్నాడతను. కానీ నీళ్లు అతనికంటే ముందే వచ్చేలా ఉన్నాయి.

"నువ్వు పోవే, ఇంటికి పో" అంది వదిన. ఎంతమంది చావులు చూసినా చెదరని ఆ గొంతు ఇప్పుడు పీలగా వచ్చింది.

"మీరు నోరు ముయ్యండి వదినా!" అంది మిషనమ్మ. జీవితంలో ఆమెతో అలా మాట్లాడటం అదే మొదటిసారి.

గాలికి పడిపోయిన హెచ్చరిక బోర్డును ఈడ్చుకొచ్చి బురద మీద పరిచింది. దానిమీద బోర్లా పడుకుని వదిన పిక్క చుట్టూ చేతులతో తవ్వసాగింది. చల్లటి నీళ్లు మోచేతులకు తగిలేసరికి ఏడ్చింది. ఏడుస్తూనే తవ్వింది. గోళ్లు విరిగాయి. నీళ్లు బోర్డు కిందికి చేరి దాన్ని కాస్త పైకి లేపాయి. ఆమె కెవ్వుమంది, వదిన ఆమె భుజం గట్టిగా పట్టుకుంది.

మెకానిక్ వచ్చి తాడు విసిరాడు. అతను ఇటు లాగి, మిషనమ్మ అటునుంచి కాలు కదిలించగా, బూటు బురదకే వదిలేసి వదిన బయటపడింది. ఒడ్డు చేరగానే మిషనమ్మ వాంతి చేసుకుంది. చాలాసేపు వదినా ఆమే ఒకరినొకరు పట్టుకుని పళ్లు టకటకలాడిస్తూ కూర్చున్నారు.

ఆ పోటులో కొన్ని గూళ్లు కొట్టుకుపోయాయి. కొన్ని మిగిలాయి.

మిషనమ్మ భయం మాత్రం పోలేదు. అయినా తర్వాతి వారం వెళ్లింది. ఎవరూ ఒంటరిగా బురదలోకి దిగకూడదని పట్టుబట్టింది. ఇప్పుడు పొడిరాళ్ల మీద నిలబడి నీళ్లనే చూస్తూ కాపలా కాస్తుంది. నీళ్లు ఒడ్డువైపు మళ్లగానే "వెనక్కొచ్చేయండర్రా!" అని ఆమె పెట్టే కేకకు మెకానిక్ చెవులు మూసుకుంటాడు గానీ, అందరికంటే ముందు ఒడ్డెక్కేది అతనే.