గంధం పూసిన టర్బైన్ రెక్క

మొన్న ఆయుధపూజకు మనవరాలిని వెంటబెట్టుకుని ప్రొద్దుటూరులో మా అన్న ఇంటికి పోయాను. పూజగదిలో కత్తిపీట పక్కన నా టర్బైన్ రెక్క కనబడేసరికి ఒళ్లు మండిపోయింది. అరచేతిలో ఇమిడే లోహపు ముక్క, దాని నిండా మెత్తిన గంధం, పైన కుంకుమ. అది చాలదన్నట్టు, విమానం ముందువైపు గాలి పీల్చే ఫ్యాను రెక్క ఇదేనని, ఇడుపులపాయలో ఇంజనీరింగు చదివే నా మనవరాలికి అన్న పాఠం చెబుతున్నాడు!

ఆ రెక్క నాకు మా మేనమామ ఇచ్చింది. బెంగుళూరులో విమానాల ఇంజన్లు విప్పి బాగుచేసే కార్ఖానాలో ఆయన మెకానిక్కు. నా పదో తరగతి పరీక్షలైన వేసవిలో, పనికిరాదని తీసేసిన ఆ రెక్కను జమ్మలమడుగుకు తెచ్చి, ఇంట్లో అంతమంది ఉండగా నా చేతిలోనే పెట్టాడు, ఎందుకంటే ఇంజను సంగతి అడిగింది నేనొక్కదాన్నే. ముందు భాగంలో తిరిగే రెక్కల వరుసలు, వాటి మధ్య కదలని రెక్కల వరుసలు ఉంటాయని, గాలి ఇరుసు వెంబడి నేరుగా వెనక్కి పోతూ ఒక్కో వరుస దగ్గర ఇంకాస్త ఒత్తుకుపోతుందని, సంతరోజు బస్సులో జనంలా ఇరుక్కున్న ఆ గాలిలో ఇంధనం మండితే పుట్టే సెగ వెనకున్న టర్బైన్‌ను తిప్పి, మిగిలిన ఊపుతో బయటికి దూసుకుపోయి విమానాన్ని ముందుకు తోస్తుందని, అరుగు మీద సుద్దముక్కతో బొమ్మ గీసి చెప్పాడు. మరి ముందున్న రెక్కల వరుసలను తిప్పేదెవరు మామా అన్నాను.

"ఎనకదే తిప్పుతాది పాపా. రెండూ ఒకే ఇరుసుకుండాయి. ఇది నిలిస్తే అదీ నిలుస్తాది" అన్నాడు.

ఆ ఏడు ఆయుధపూజకు, బడిపంతులైన మా నాయన ఆ రెక్కకూ గంధం పూశాడు. పండక్కి వచ్చిన మామ చూసి అగ్గయిపోయాడు. రెక్క ఒంట్లో సన్నటి బెజ్జాలున్నాయి, గంధం వాటిని పూడ్చేసింది; ముందునుంచి మళ్లించిన గాలి వాటిలోంచి పారబట్టే అంత సెగలోనూ అది కరగకుండా నిలుస్తుందట. అమ్మ గాజులకున్న పిన్నీసు తీసి ఒక్కో బెజ్జం పొడిచి శుభ్రం చేశాడు. ఆ రోజే, నన్ను తనతో పంపితే అప్రెంటిస్ పరీక్ష రాయిస్తానని నాయనను అడిగాడు.

"ఆడబిడ్డకు ఇంజన్లతో పనేందప్పా? పోతే మావోడు పోతాడు" అన్నాడు నాయన.

అన్న పోయాడు. గ్రీజు వాసన పడదని నెల తిరక్కుండానే తిరిగొచ్చి ప్రొద్దుటూరులో బట్టల అంగడి పెట్టుకున్నాడు. నేను పులివెందులకు కోడలిగా పోయే నాడు, పూజలో పెట్టే వస్తువు ఇల్లు దాటకూడదని రెక్కను నా పెట్టెలోంచి తీసేసుకున్నారు. ఎవరి వస్తువుకు ఎవరు చేసే పూజ అది?

అందుకే ఈసారి నోరు మూసుకోలేదు. అది ముందుది కాదు, వెనక తిరిగేది, పైగా నాది, ఇటివ్వమని అందరి ముందరే అడిగేశాను.

"పాత ఇనపముక్కకు ఇంత రచ్చేందే? ఎత్తుకోని పో" అన్నాడు అన్న.

అంత తేలిగ్గా ఇచ్చేయగలిగినదాన్నా ఇన్నేళ్లు ఉంచుకున్నాడు!

తిరుగు బస్సులో మనవరాలు నా పిన్నీసు అడిగి తీసుకుని, ఎండిన గంధం గీకుతూ కూర్చుంది. మా రోజుల్లో ఆడపిల్ల అడగడమే తప్పు. ఇప్పుడు మా పులివెందుల పక్కనున్న వేముల పల్లెల ఆడపిల్లలు కూడా ఇంజన్లు చదవడానికి సంచి భుజాన వేసుకుని బస్సెక్కుతున్నారు. వాళ్లను చూస్తే నాకు సంతోషమే, కానీ ఆ సంతోషం వెంటే కోపమూ వస్తుంది. మాకెందుకు లేకపోయింది ఆ బస్సు?

"ఇట్లాంటిది తిరిగే సప్పుడు నీకోసరం నేను ఇనొస్తాలే అవ్వా" అంది పిల్ల.

నాకోసం నువ్వు వినేదేందే, నేను వినాల్సింది నేను వినకుండానే పోతున్నా కదా అని కసిరాను. కసిరి, రెక్కను పిల్ల సంచిలోనే పెట్టాను.