ఐదు గాట్ల పానా

నాకు పానాల పిచ్చి. ఈ మాట ముందే నేను చెప్పేస్తే నయం, ఎందుకంటే మా ఆవిడ చెబితే ఇంకా ఘోరంగా ఉంటుంది. మా ముందుగది గోడ నిండా రెండొందల పద్నాలుగు పానాలున్నాయి. అన్నీ పాతవే, అన్నీ అద్దంలా మెరుస్తుంటాయి. వంటింట్లో కుళాయి మాత్రం మూడేళ్ళుగా కారుతూనే ఉంది. "ఇన్నింట్లో ఒక్కటైనా దానికి పనికొస్తుందేమో చూడండి" అని ఆవిడ సరిగ్గా చుట్టాలొచ్చినప్పుడే అంటుంది. నేను రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తాని. జీవితంలో ఒక్క నట్టు బిగించిన పాపాన పోలేదు.

కానీ పానా చేతిలో పెడితే దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేసేవాణ్ణి. పోత పోసిందా, కొలిమిలో కాల్చి సాగగొట్టిందా, ఏ కంపెనీది, సుమారుగా ఏ కాలానిది. బాగా పాత పానాల మీద ఉండే అంకె నట్టు వెడల్పు కాదు, బోల్టు మందం. అది తెలియక కొత్తవాళ్ళు బోల్తా పడుతుంటారు. ఫోనులో మాకొక గుంపుంది, ముప్పై మందిమి. అందులో ఎవరు ఏ ఫొటో పెట్టినా చివరి మాట నాదే. ఆ పెద్దరికం నిలబెట్టుకోవడానికి నేను చేసిన పని ఒకటుంది. నిజానికి ఇది మా ఆఫీసు టైపిస్టు వాళ్ళ నాన్నగారి కథ. నా సిగ్గు మధ్యమధ్యలో అడ్డొస్తూనే ఉంటుంది, ఏమీ చెయ్యలేను.

ఆయన్ను అందరూ డాక్టరు మేస్త్రి అనేవాళ్ళు. మంచినీళ్ళ పంపుహౌసులో ముప్పై నాలుగేళ్ళు ఫిట్టరుగా చేశారు. పంపు తిరుగుతుండగానే పానా ఒక కొస బేరింగు మీద ఆనించి, రెండో కొస చెవి వెనక ఎముకకి తాకించి వినేవారట. లోపల ఏ గుండు అరిగిందో చెప్పేవారట. తోటివాళ్ళు వేళాకోళానికి పెట్టిన పేరు చివరికి పై ఆఫీసర్ల నోట కూడా నిలిచిపోయింది. రిటైరైన కొత్తలో నీటికాసుల జబ్బుతో రెండు కళ్ళూ పోయాయని ఇంట్లో చెప్పుకుంటారు. అయినా చెయ్యి ఊరుకోదు కదా. వీధిలో ఎవరి కుళాయి కారినా, ఎవరి మోటారు మూలిగినా ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు.

"మా ఇంట్లోనూ ఉన్నాయి అన్నయ్యా పాత పానాలు, నాన్నవి. మీరోసారి వచ్చి చూడండి. ఆయన మాటలు వినేవాళ్ళు లేక గోడలతో చెప్పుకుంటున్నాడు" అని టైపిస్టు ఒకరోజు నవ్వుతూ అంది. నేను మరుసటి ఆదివారమే వెళ్ళాను.

రెండు గదుల ఇల్లు. పెరట్లో రేకుల చావడి, దాని కింద చెక్క బల్ల, బల్లకి బిగించిన, ఇనుముని కదలకుండా అదిమి పట్టే వైసు. మేస్త్రిగారు ఎవరిదో మోటారు మూత విప్పుతున్నారు. చూపు నా భుజం పక్కనుంచి ఎటో పోతోంది, వేళ్ళు మాత్రం ఎక్కడా తడబడటం లేదు. పక్కన మందపాటి గుడ్డ పరిచి ఉంది. దానికి ఏడు అరలు, అరకొక పానా. "కూర్చో బాబూ. పానాలంటే ఇష్టమటగా. ఈ కాలంలో పానాని ముట్టుకునేవాడే లేడు" అన్నారు.

నేనొకటి తీసి చూశాను. తుప్పు కింద సగం కనబడుతున్న ముద్ర: చక్రం మధ్యలో కోడిపుంజు. ఎప్పుడో మూతపడిన ఫ్యాక్టరీ అది. పాత కేటలాగులో బొమ్మ చూడటమే తప్ప, మా గుంపులో ఒక్కడి దగ్గర కూడా ఒక్కటి లేదు. ఇక్కడ ఏడుకి ఏడూ ఉన్నాయి. ఆయన పంపుహౌసు కబుర్లు చెబుతూనే ఉన్నారు. నేను ఊ కొడుతూ, మనసులో మాత్రం మా గోడ మీద ఏడు మేకులు కొట్టేశాను.

కోడిపుంజు కాళ్ళ కింద చుక్క ఉంటే అది మొదటి రోజుల సరుకని లెక్క. ఆ చుక్క తేల్చడానికి ఐదో అరలోదాన్ని ఇంటికి తీసుకెళ్తానన్నాను.

"తీసుకెళ్ళు. వారంలో తెచ్చెయ్యి. ఉన్నది ఉన్నట్టు తేవాలి సుమా" అన్నారు.

"అయ్యో, అలాగేనండి" అన్నాను.

ఇంటికొచ్చి ఒక పూట వెనిగర్లో నానబెట్టాను. తీగ బ్రష్షుతో రుద్దితే చుక్క బయటపడింది. అక్కడితో ఆగిపోయి ఉంటే ఈ కథే లేదు. పిడి అంచున ఐదు గాట్లు కనబడ్డాయి, వరసగా, గోరు వెడల్పు దూరంలో. ఎవడో బుద్ధిలేనివాడికి ఆకురాయి పదును చూసుకోవడానికి ఈ పానాయే దొరికిందా అనుకుని తిట్టుకున్నాను కూడా. ఫొటోలో అవి వికారంగా కనబడతాయి. సానపట్టే గ్రైండరు మీద అంచుని చదును చేశాను, మూడు రకాల గరుకు కాగితాలతో సాపు చేశాను, పాలిష్ పట్టించాను. గంటన్నర పని. ఫొటో పెట్టగానే గుంపులో ఒకటే పొగడ్తలు. ఆ మధ్యాహ్నమంతా నాకు కళ్ళు నెత్తిమీదే ఉన్నాయి.

ఆదివారం తీసుకెళ్ళి మేస్త్రిగారి చేతిలో పెట్టాను. మెచ్చుకుంటారని ఎదురుచూశాను. ఆయన బరువు చూశారు. బొటనవేలు పిడి అంచు మీద ఒకసారి పోనిచ్చారు, మళ్ళీ వెనక్కి తెచ్చారు. తిప్పి రెండో అంచు తడిమారు. వేలు అక్కడే ఆగిపోయింది.

"ఇది నాది కాదు బాబూ" అన్నారు.

"నీదే నాన్నా, నేను చూస్తున్నాగా. శుభ్రం చేసి తెచ్చాడు అన్నయ్య" అంది కూతురు, టీ గ్లాసులు బల్ల మీద పెడుతూ.

"నువ్వు చూస్తే సరిపోదమ్మా. నాది కాదు. అతని దగ్గర చాలా ఉన్నాయటగా, ఎక్కడో మారిపోయి ఉంటుంది."

అప్పుడు నా చూపు పరిచి ఉన్న గుడ్డ మీద పడింది. మొదటి పానా అంచున ఒక గాటు. రెండోదానికి రెండు. మూడు, నాలుగు, తర్వాత ఖాళీ అర, ఆరు, ఏడు. వారం కిందట అవే పానాలు ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని చూసినవాణ్ణి. ముద్రలు చూశాను, గాట్లు చూడలేదు. నాకు తల కొట్టేసినట్లయింది.

నోరు తెరిచి చెప్పాలి. చెబితే, ఇంత తెలిసినవాడు ఇంత పని చేశాడా అని టైపిస్టు చూసే చూపు ఒకటి, రేపటికల్లా ఆఫీసంతా పాకిపోయే మాట ఒకటి. "మీదేనండి. అదే పానా" అన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అంత సిగ్గుమాలిన నిజం మాత్రం నేను ఇంకెప్పుడూ చెప్పలేదు.

"నాన్నా, ఇంటికొచ్చిన మనిషిని దొంగని చేస్తావా" అని ఆమె ఆయన్ను కసిరింది. నావైపు తిరిగి, "ఏమనుకోకండి అన్నయ్యా, పెద్దాయన" అంది. నేనప్పటికే చెప్పుల దగ్గరికి చేరాను. వెనకనుంచి మేస్త్రిగారి గొంతు వినబడింది. "నువ్వేమంటావు బాబూ? ఉన్నావా, వెళ్ళిపోయావా?" నేను అడుగుల చప్పుడు కాకుండా గుమ్మం దాటేశాను.

ఆ వారమంతా ఆఫీసులో ఆమె ముఖం చూస్తే నాకు గుబులు. "రోజూ అదే పాట అన్నయ్యా. నాది కాదు, నాది కాదు. ఎలా తెలుసని అడిగితే చెప్పడు, ముఖం తిప్పేసుకుంటాడు" అంది ఒకరోజు. ఆపై బుధవారం పొద్దున్న గుడ్డ చుట్ట నా బల్ల మీద పెట్టింది. "ఇవి మీ దగ్గరుంటేనే మంచిది. నాన్నకి మతి నిలకడ తప్పుతోంది. మోటారు విప్పుతూ ఏ కరెంటు తీగో పట్టుకుంటే ఏం చెయ్యను? నిన్న పక్కింటావిడ కుళాయి బాగుచెయ్యమని వస్తే నేనే తిప్పి పంపేశాను."

అప్పుడైనా చెప్పొచ్చు. చుట్ట తీసుకున్నాను.

ఏడు పానాలూ నావైపోయాయి. మేకులు కొట్టడానికి చెయ్యి రాలేదు. మంచం కింద తోసేశాను. గుంపులో అందరూ మిగతావాటి ఫొటోలు పెట్టమని పోరుతుంటే ఫోను పక్కన పడేశాను. ఆయన పెరట్లో ఖాళీ చేతులతో కూర్చుని ఉంటారని తెలుసు. ఆ ఇంట్లో ఆయన మాటకి ఇప్పుడు విలువ లేదని, అది పోగొట్టింది నేనేనని తెలుసు. తెలిసీ పదకొండు రోజులు గడిపాను. ఇది రాయడానికి కూడా ముఖం చెల్లడం లేదు.

పదకొండో రోజు మా ఆవిడ ఊడుస్తూ చుట్ట బయటికి లాగింది. విప్పి, నాలుగైదు పానాల మీద వేలు పోనిచ్చింది.

"ఇదెవరో నాలాంటివాళ్ళేనండీ. చీకటి అలమారలో డబ్బాలకి నేను దారాలు కట్టుకోనూ, పప్పుకి ఒక ముడి, ఉప్పుకి రెండు? అలా గుర్తులు పెట్టుకున్నారు" అంది. తర్వాత మెరుస్తున్నదాన్ని తీసి తడిమింది. "దీనికి లేవే" అని నావైపు చూసింది. నేను కిటికీవైపు చూశాను.

"మీరేం చేశారు?" అంది.

ముప్పై ఏళ్ళ నా విద్య తేల్చలేనిది ఆవిడ చీపురు చేత్తో పట్టుకునే తేల్చేసింది. జరిగిందంతా చెప్పాను. ఆవిడ చుట్ట మళ్ళీ కట్టి నా చేతిలో పెట్టింది. తిట్టినా బాగుండేది.

మర్నాడు సగం రోజు సెలవు పెట్టాను. కూతురు ఆఫీసులో ఉండగా వెళ్ళాలనే పెట్టాను, అందులోనూ పిరికితనమే. మేస్త్రిగారు చావట్లో బల్ల ముందే కూర్చుని ఉన్నారు. వైసు ఖాళీగా ఉంది, చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి. చుట్ట బల్ల మీద పెడితే చప్పుడుకే గుర్తుపట్టారు. నేను నిలబడే చెప్పాను. గాట్లు ఉన్నాయని, అందం కోసం నేనే అరగదీశానని, ఆ రోజు అర్థమై కూడా నోరు మూసుకున్నానని.

ఆయన చుట్ట విప్పి ఐదోదాన్ని తడిమారు. "అయితే నా చేతిలో పెట్టింది నాదేనన్నమాట" అన్నారు.

"మీదేనండి. కానీ గాట్ల సంగతి ఆ రోజే అమ్మాయితో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే గాట్లెందుకు పెట్టావని అడుగుతుంది" అన్నారు. ఆగి ఆగి చెప్పుకొచ్చారు. కళ్ళు పోయింది రిటైరయ్యాక కాదు. దానికి ఆరేళ్ళ ముందే మసకలు మొదలై, చివరి రెండేళ్ళు చీకటే మిగిలింది. భోజనాల వేళ అందరూ బయటికెళ్ళాక మూడంచుల ఆకురాయితో ఒక్కో పానాకీ గాట్లు పెట్టుకున్నారు. చప్పుడు వినీ, గాట్లు తడిమీ పంపులు నడిపించారు. తెలిస్తే ఉద్యోగం పోతుందని భయం, ఇప్పుడు తెలిస్తే పెన్షను ఆపేస్తారని భయం.

"ఒక్క రోజు కూడా నీళ్ళు ఆగలేదు నా చేతిమీద. అయినా దొంగతనమే కదా అది. మా ఆవిడ పోయేదాకా ఆవిడక్కూడా చెప్పలేదు. మతి పోయిందనుకుంటే అనుకోనీ, ఇది మాత్రం తెలియకూడదనుకున్నాను" అన్నారు. "నీ పుణ్యమా అని మూడు వారాలు పిచ్చివాణ్ణయ్యాను బాబూ. అది ఇంకా కష్టంగా ఉంది."

నేను క్షమించమన్నాను. ఆయన ఆ మాట పట్టించుకోలేదు. డబ్బాలో ఆకురాయి ఉంటుంది తియ్యమన్నారు. ఐదోదాన్ని వైసులో బిగించి, బొటనవేలు కొలతగా పెట్టుకుని, ఒక్కో గాటూ కొత్తగా కోశారు. నేను మెరిపించిన అంచు నుంచి ఇనప పొడి రాలింది. అయ్యాక తడిమి చూసుకుని, అరలో పెట్టుకున్నారు.

"అమ్మాయి ఐదున్నరకి వస్తుంది. అప్పటిదాకా ఉండు. నీ సంగతి నువ్వు చెప్పు, నా సంగతి నేను చెబుతాను. పెన్షను పోతే పోయింది" అన్నారు.

"అలాగేనండి" అన్నాను. ఉన్నది ఉన్నట్టు తెస్తానన్నప్పుడు కూడా ఇదే మాట అన్నానని గుర్తొచ్చింది.

గుడ్డ చుట్టబెడుతూ ఆయన ఆగారు. "నీ గోడ మీద ఎన్నున్నాయన్నావు?"

"రెండొందల పద్నాలుగు."

"అన్నీ ఇలాగే రుద్దావా?"

ఒకదాని మీద ఎవరో మేకుతో చెక్కుకున్న రెండక్షరాలుండేవి. ఒకదాని పిడికి రాగితీగ చుట్టి ఉండేది. ఒకదాన్ని ఎవరో తమ చేతికి తగ్గట్టు వంచుకుంటే, సుత్తితో కొట్టి నిటారుగా చేశాను. మరొకదానికి చుక్కలుండేవి, ఎన్నో లెక్కపెట్టలేదు. అన్నీ పాడుచేసిన గుర్తులే అనుకున్నాను. ఏది ఎవరి చేతిదో ఇప్పుడెవరూ చెప్పలేరు, పానాల మీద చివరి మాట చెప్పే నేను కూడా.

"మాట్లాడవేం?" అన్నారు మేస్త్రిగారు, ముఖం గుమ్మం వైపు తిప్పి. "ఉన్నావా, వెళ్ళిపోయావా?"

"ఉన్నానండి" అన్నాను.