వెనక సీటు కడ్డీ

నా బండి వెనక సీటుకు పట్టుకునేటందుకుండే కడ్డీని నేనే తీయించిన. దూరాలకు ఉరికే స్పోర్ట్స్ టూరర్ బైకు అది. ముందర గాలి ఆపే పెద్ద అద్దం పెట్టిచ్చిన, సైలెన్సర్ మార్పిచ్చిన. కడ్డీ ఒక్కటే అందం చెడగొడుతున్నదనిపిచ్చింది. నా వెనక కూసునేటోళ్లు కూడా ఎవరూ లేరు.

ఒకనాడు గంగారం కాడ ఒక అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. బస్సు రాలేదంట. బిడ్డకు కాన్పు నొప్పులొస్తున్నయని మానుకోట దవాఖానకు తీస్కపోయిండ్రంట. ఎక్కి కూసొని సీటంతా తడిమింది.

"యాడ పట్టుకోవాలె నాయినా?"

"నన్నే పట్టుకో అవ్వా."

అడవి మలుపులంటే నాకు పాణం. ఆమె ఉన్నదన్నది మర్శి, ఎప్పటిలెక్కనే బండిని పక్కకు వంచిన. మలుపు తిరిగేసరికి సగం రోడ్డు మీద మక్క గింజలు ఆరబోసి ఉన్నయ్, ఎదురుంగ లారీ. గింజల మీద వెనక టైరు జారింది. లారీ గాలి మా మోకాళ్లకు కొట్టింది. ఎట్లనో బండి ఆగింది. అవ్వ గుండె కొట్టుకునుడు నా వీపుకు తెలుస్తున్నది.

"దిగుతవా అవ్వా?"

"పోనియ్ నాయినా. ఆడ నా బిడ్డ ఉన్నది."

దవాఖాన గేటు కాడ ఆగినంక కూడా ఆమె వేళ్లు కడుపు కాడ నా జాకెట్‌ను విడువలేదు. బిగుసుకపోయినయ్. ఒక్కొక్క వేలు నేనే విప్పిన. ఆమె ఎనుకకు చూడకుంట లోపటికి ఉరికింది.

కడ్డీ మళ్ల బిగిపిచ్చిన. ఇప్పటిదాక దాన్ని ఎవరూ పట్టుకోలేదు. ఒక్కణ్నే పోతున్నా, మలుపు రాంగనే కడుపు కాడ జాకెట్ బిగుసుకుంటది.