అబ్లా బడిలో నేను వేసిన ధూపం

ఒక బడిని కూల్చాలంటే బుల్డోజరు కావాలని మీరనుకుంటారు. అక్కర్లేదు. చిటికెడు ధూపం, నాలాంటి తెలివైనవాడు ఒకడు ఉంటే చాలు. గోడ పగలకుండా, కిటికీ అద్దం చిట్లకుండా, పట్టపగలు, అందరూ చూస్తుండగా కువైట్‌లో ఒక బడిని ఎలా కూల్చానో చెబుతాను. నవ్వొస్తే నవ్వండి. నేనూ అప్పుడప్పుడు నవ్వుకుంటాను, పక్కన ఎవరూ లేనప్పుడు.

ముందు నా చదువు సంగతి. రాయచోటి దగ్గర మా ఊరి బడిలో ఎనిమిదో తరగతి సగానికొచ్చేసరికి నేనూ లెక్కల మాస్టారూ ఒకరినొకరం భరించలేమని తేలిపోయింది. ఆయనకు జీతం వస్తుంది కాబట్టి నేనే బయటికొచ్చాను. అలాంటివాణ్ణి దేవుడు తీసుకొచ్చి, పిల్లల్ని లండన్, అమెరికా కాలేజీలకు తయారుచేసే బడిలో ఫర్రాష్‌గా పెట్టాడు. ఫర్రాష్ అంటే అదేదో హోదా అనుకునేరు. టీ, గహ్వా అందించి కప్పులు కడిగేవాడు. గహ్వా ఇక్కడి ఏలకుల కాఫీ. రంగు చూస్తే మాత్రం కాఫీ కాదు, మా అవ్వ కాచిన కషాయం గుర్తొస్తుంది.

ఆ బడి పెట్టింది ఒక కువైటీ పంతులమ్మ. పంతులమ్మను ఇక్కడ అబ్లా అంటారు. సర్కారు కొలువు అయిపోయాక అబ్లా తన ఇంట్లోనే, అన్నం తినే బల్ల చుట్టూ నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టి మొదలుపెట్టిందట. పిల్లలు పెరిగి బల్ల చాలకపోతే, గది తలుపు పీకించి ఇటుకల మీద పరిపించిందట. తర్వాత అన్నదమ్ములు పెట్టుబడి పెడితే ఇంత భవనం లేచింది. వాటా వాళ్లది, కుర్చీ అబ్లాది. ఏ దేశం కాలేజీలో సీటొచ్చిన పిల్లాడైనా విమానం ఎక్కేముందు వచ్చి ఆమె నెత్తిమీద ముద్దుపెట్టి పోయేవాడు.

అబ్లాకు వయసు మీదపడగానే ఆ కుర్చీ మీద ఆమె మేనల్లుడి కన్ను పడింది. పెద్దన్న కొడుకు. కొత్త ఇస్త్రీపెట్టెలా మెరిసేవాడు, అంత వేడిగానూ ఉండేవాడు. కుర్చీ అత్తకే ఉంచాలా, అతనికివ్వాలా అని తేల్చడానికి అన్నదమ్ములందరూ ఒకరోజు అబ్లా ఆఫీసుకు వస్తామన్నారు.

పెద్దింటి తగవుతో నీకేం పని అంటారా? ఉంది. నా పెళ్లాం లక్ష్మీదేవి ముబారక్ అల్ కబీర్‌లో ఒక ఇంట్లో పని. ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, ఆమెను బయటికి పంపిందంటే ఆ రోజు మాకు పండగే. ఒకే దేశంలో కాపురం, ఫోన్‌లో సంసారం. "కుర్చీ నా దగ్గరే ఉంటే నీ భార్య ఇఖామా మార్పించి, ఇక్కడ చిన్నపిల్లల తరగతిలో ఆయాగా పెట్టుకుంటాను" అని అబ్లా మాటిచ్చింది. ఇఖామా అంటే మమ్మల్ని ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం, అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ల దగ్గరే కొలువు.

ఆ రోజు పొద్దున అబ్లా నన్ను పిలిచింది. "రమణా, మా పెద్దన్నది రాతిగుండె. కానీ కాసేపు కూర్చుంటే కరుగుతాడు. పాత సంగతులన్నీ చెప్తాను. నేను ముగించేదాకా వాళ్లు లేవకూడదు."

"నేనుండగా లేవరు అబ్లా."

నా మాట ఎంత గట్టిదో మీరే చూస్తారు.

లక్ష్మీదేవికి ఫోన్ చేశాను. "ఈ పొద్దే తేలుతాదంట."

"మంచి పనికి ముందర సాంబ్రాణి పొగ ఎయ్యాల. ఏసినావా?"

"యాడ తెచ్చేది?"

"అరబ్బోళ్ల దగ్గర ధూపం లేకుండా ఉంటాదా. చూడు."

ఉంది. అబ్లా గదిలో బీరువా మీద ఇత్తడి ధూపపాత్ర, పక్కనే బుఖూర్ డబ్బా. బుఖూర్ అంటే వీళ్ల సాంబ్రాణి. ఎప్పుడూ అబ్లాయే వేసేది. నేను కప్పులు తీయడానికి వెళ్లేసరికి గదిలో వాసన మాత్రం మిగిలేది. పాత్రా డబ్బా చడీచప్పుడు లేకుండా వంటగదికి చేర్చాను.

అన్నదమ్ములు వచ్చారు, కూర్చున్నారు. అబ్లా మొదలుపెట్టింది. ఇటుకల మీది తలుపు కథ దగ్గరికి రాగానే పెద్దన్న నవ్వి, "అది నాన్న గది తలుపు కదా" అన్నాడు. రాయి మెత్తబడుతోంది. మేనల్లుడి మొహం వాడుతోంది. ఇంతకన్నా మంచి ఘడియ ఉంటుందా? బొగ్గు రాజేసి, బుఖూర్ చిటికెడు వేయాల్సిన చోట గుప్పెడు వేసి, ఇటుకల బట్టీలా పొగలు కక్కుతుంటే లోపలికి నడిచాను.

గది నిశ్శబ్దమైంది. భక్తి అనుకున్నాను. పెద్దన్న పొగను గడ్డానికి పట్టించుకున్నాడు, తలగుడ్డ కొసలకు పట్టించుకున్నాడు. హారతి పళ్లెం పట్టిన పూజారిలా నేను అందరి ముందూ తిరిగాను. చిల్లర అడగలేదు, అంతే తేడా. ఒక్కొక్కరూ పట్టించుకున్నారు, ఒక్కొక్కరూ లేచారు. పెద్దన్న చెల్లెలి వైపు చూడకుండా సలాం చెప్పి బయటికి నడిచాడు. అబ్లా చెయ్యి సగం ఎత్తి, దించేసింది. చివరగా పోతున్న మేనల్లుడు నా భుజం తట్టాడు.

కిందికి దిగితే అబ్లా కారు డ్రైవరు ఖాదర్ ఎదురొచ్చాడు. మా రాయచోటి మనిషే. "ఏందిరా రమణా, ఇప్పుడే వచ్చినారు, అప్పుడే పోతాండారు?"

"ఏమో ఖాదరన్నా. మర్యాదగా ధూపం గూడా ఏస్తి."

"ఎప్పుడు?"

"మొదట్లోనే."

ఖాదరన్న కారు మీద చెయ్యి ఆనించి నిలబడిపోయాడు. "అది మొదట్లో ఏసేది కాదురా సామీ. వచ్చినోళ్లు ఇంక లేసి పోవచ్చు అనేదానికి ఏసేది. పొగ వచ్చినాక కూర్చుంటే వాళ్లకు మర్యాద గాదు."

"అట్లయితే అబ్లా కూర్చోమని చెప్పొచ్చు గదా."

"ఇస్తరాకు ఎత్తేసినాక మళ్లా అన్నం వడ్డిస్తావా? చెల్లెలు పిలిచి పొమ్మనింది అనుకోనుంటారు. ఫర్రాష్ సొంత తెలివి అని ఎవురనుకుంటారు?"

ఎవరూ అనుకోలేదు. పెద్దన్న అలిగాడు, కుర్చీ కొడుకుది అయింది. అబ్లా నన్ను ఒక్క మాట అనలేదు. కళ్లజోడు పెట్టె తీసుకుని వెళ్లిపోయింది. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి.

కొత్త దొర నన్ను పిలిపించాడు. "తెలివైనవాడివి. నేను అడక్కుండానే నా పని చేశావు."

పొరపాటు జరిగిందని చెప్పడానికి నోరు తెరిచాను.

"నీ ఇఖామా ఎప్పటిదాకా ఉంది?" అన్నాడు.

నోరు మూశాను. అలా నేను రిసెప్షన్ సూపర్‌వైజర్నయ్యాను. మెడకు టై వచ్చింది. ఆయాల పనంతా బయటి కంపెనీకి వెళ్లింది.

ఆ సాయంత్రం లక్ష్మీదేవి ఫోన్. "సాంబ్రాణి ఏసినావా?"

"ఏస్తి."

"ఏమాయ?"

"నాకు ప్రమోషన్ వచ్చె."

"నాకు?"

నేను గొంతు సవరించుకునేలోగా, "మామా పిలుస్తాంది" అని పెట్టేసింది. నిజంగా పిలిచిందో లేదో నేనెప్పుడూ అడగలేదు.

ఈ ఏడు బడి వార్షికోత్సవం జరిగింది. తెర మీద బడి చరిత్ర వేశారు. అందులో అబ్లా ఫొటో నేను తుమ్మి కళ్లు తెరిచేలోపు వచ్చి పోయింది. మిగతాదంతా మేనల్లుడే: ఫోన్‌లో మాట్లాడుతూ, మొక్క నాటుతూ, దూరంగా చూస్తూ. పిల్లల తల్లిదండ్రులు పట్టుబట్టడంతో అబ్లాను పిలవక తప్పలేదు. ఆమె వచ్చి కూర్చుందో లేదో, పాత విద్యార్థులు నెత్తిమీద ముద్దుపెట్టడానికి వరసకట్టారు. వేదిక మీద దొర మాట్లాడుతుంటే వినేవాళ్ల వీపులే అతని వైపు ఉన్నాయి. అతను మైకు దించి నన్ను పిలిచాడు.

"బుఖూర్ పట్టుకెళ్లు. అబ్లాకు."

"ఇప్పుడే వచ్చింది గదా సార్."

"యల్లా, కదులు."

వెళ్లాను. ఈసారి చిటికెడే వేశాను, పనితనం పెరిగింది మరి. అబ్లా నన్ను చూసింది, పాత్రను చూసింది. పొగను ముసుగు కొసకు పట్టించుకుని, కర్ర ఊతంతో లేచింది.

"రమణా, ఈసారి తెలిసే తెచ్చావా?"

"అవును అబ్లా."

"మంచిది. నేర్చుకున్నావు" అని, వరసలో మిగిలిన పిల్లల్ని దాటుకుంటూ వెళ్లిపోయింది.

కాబట్టి, అయ్యలారా అమ్మలారా, మెడలోని టై పట్టుకుని ఒట్టేసి చెబుతున్నాను. ఇక ఈ జన్మలో తెలియక ఏ తప్పూ చేయను.