మిరపకాయ దగ్గు

2020 మార్చి చివరి వారం. జగ్గయ్యపేట దాటి హైదరాబాదు వైపు కొంచెం దూరం పోతే రెండు రాష్ట్రాల సరిహద్దు చెక్‌పోస్టు వస్తుంది. అక్కడ హైవే పక్కన షామియానా వేసి, మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి నన్నూ ఇద్దరు ఆశా కార్యకర్తలనూ నిలబెట్టారు. నేను ఏఎన్ఎంని. అంటే ఊళ్ళు తిరిగి పిల్లలకు టీకాలు వేసే, గర్భిణులకు బీపీ చూసే నర్సుని. ఏళ్ళ తరబడి ఈ పనే చేస్తున్నాను కానీ, జనం నుదుటికి తుపాకీ గురిపెట్టడం మాత్రం అప్పుడే మొదలు.

ఆ తుపాకీ పేరు థర్మల్ గన్. ఒంటిని తాకకుండానే జ్వరం చూపిస్తుంది. నీడలో అయితే బాగానే చూపిస్తుంది. మా ఎండలో, ఇంజను పక్కన కూర్చుని వచ్చిన సిమెంటు లారీ డ్రైవరుకు పెడితే నూట రెండు అనేది. తలకు తడి తువ్వాలు చుట్టుకున్నవాడికి పెడితే మనిషి బతికున్నాడా లేదా అని అనుమానం వచ్చే అంకె చూపేది. అందుకని ఒక్కొక్కరినీ నీడలో కూర్చోబెట్టి, నుదురు తుడిపించి, కాసిని మంచినీళ్ళు తాగనిచ్చి, అప్పుడు పెట్టేదాన్ని. వెనక హారన్ల మోత. ఇక్కడేమైనా పెళ్ళిచూపులు జరుగుతున్నాయా అని ఒక డ్రైవరు అరిచాడు. జరుగుతున్నాయి, నీ వంతు వచ్చాక తల దువ్వుకుని రా అన్నాను. నా నోటి సంగతి మా వాళ్ళందరికీ తెలుసు.

ఒక మధ్యాహ్నం ట్రాక్టరు చప్పుడు కంటే ముందు దగ్గు వినిపించింది. ఒకరిది కాదు, ట్రాక్టరు వెనక తగిలించిన ట్రక్కు నిండా మనుషులు, ఒకరు ఆపితే ఇంకొకరు. నందిగామ అవతల చెవిటికల్లు వైపు పల్లెల నుంచి కోదాడ అవతలికి మిరపకాయల కోతకు వెళ్ళిన కూలీల ముఠా అది. ఉన్నట్టుండి లాక్‌డౌన్ అనేసరికి రైతు ట్రాక్టరు మాట్లాడి పంపేశాడు. ఆడవాళ్ళంతా చీరల మీద మొగుళ్ళ చొక్కాలు తొడుక్కుని, మొహాలకు తువ్వాళ్ళు చుట్టుకుని, గోతాల మీద కూర్చుని ఉన్నారు. కళ్ళు ఎర్రగా, ముక్కులు కారుతూ. ఆ రోజుల్లో హైవే మీద ఒక్కడు తుమ్మితేనే పది మంది పరుగెత్తేవారు. ట్రక్కెడు మంది దగ్గుతుంటే చూడాలి, మా షామియానా కింద నేనూ ఆశా అమ్మాయిలూ తప్ప ఎవరూ మిగల్లేదు.

నాకు మాత్రం నవ్వొచ్చింది. మా మెట్ట ప్రాంతంలో పుట్టినవాళ్ళకు ఆ దగ్గు కొత్తా ఏమిటి. మిరపకాయ దగ్గు. కోతల కాలంలో ఊళ్ళకు ఊళ్ళు దగ్గుతాయి. దానికి ఎవరూ ఆసుపత్రికి రారు, మేమూ రమ్మనం. ఆ మాటే దూరంగా నిలబడ్డ కానిస్టేబులుకు చెప్తే నమ్మలేదు. గోతాల్లో ఏముందని లాఠీతో గట్టిగా పొడిచాడు. అందులో ఉన్నవి తాలుకాయలు, అంటే రంగు పోయి ధర పలకని ఎండు మిరపకాయలు. ఇంటి వాడకానికని కూలీలకు రైతు ఇచ్చినవి. ఆ ఘాటు లేచేసరికి కానిస్టేబులు, ఆయన వెనకున్నవాళ్ళు, చివరికి మాస్కులో ఉన్న నేను కూడా దగ్గడం మొదలుపెట్టాం. ముఠా మేస్త్రీ వెంకన్న ట్రక్కు మీద నుంచి చూసి, మరి మీరందరూ కూడా మాతోపాటు ఎక్కండి సార్ అన్నాడు.

నవ్వులు నవ్వులే గానీ, దగ్గు ఏదైనా పక్క రాష్ట్రం నుంచి వచ్చినవాళ్ళు రెండు వారాలు క్వారంటైన్‌లో ఉండాల్సిందే. అంటే జబ్బు లేకపోయినా విడిగా ఉంచి కనిపెట్టి చూడటం. జగ్గయ్యపేటలో ఖాళీగా ఉన్న విద్యార్థుల హాస్టల్‌లో పెట్టారు. రోజూ ఉదయం వెళ్ళి చూసే పని నాది. మొదటి రోజే మిరపకాయల గోతాలన్నీ దూరంగా సైకిల్ షెడ్డులో పడేయించి, అందరిచేతా తలస్నానాలు చేయించి, బట్టలు ఉతికించాను. అనుకున్నట్టే రెండు మూడు రోజుల్లో హాస్టల్ నిశ్శబ్దమైపోయింది. మా డాక్టరమ్మ, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాని పిల్ల, మీ మిరపకాయ దగ్గు నిజమేనండీ అని మెచ్చుకుంది. నేను కొంచెం పొంగిపోయాను.

ఒక్క మూల గది మాత్రం మిగిలింది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, ఆ గదిలో ఇంకా దగ్గుతున్నారు. నలుగురు ఆడవాళ్ళు. పొద్దున నేను వెళ్ళేసరికి నలుగురూ తుమ్ములు, దగ్గులు. తలుపు దగ్గర నిలబడితే మాస్కులోంచి నా ముక్కు కూడా చురచురలాడింది. గోతాలు షెడ్డులో ఉన్నాయి, బట్టలు ఉతికేశారు, మరి ఈ ఘాటు ఎక్కణ్ణుంచి వస్తోంది? పరుపులు దులిపించాను. కిటికీలు తీయించాను. మర్నాడు వెళ్తే మళ్ళీ అదే ఘాటు. నాకు భయం కంటే కుతూహలం ఎక్కువైంది. ఇంట్లో అన్నం తింటూ కూడా ఆ గది గురించే ఆలోచించాను.

ఆ మర్నాడు తొందరగా, వాళ్ళు నా కోసం ఎదురుచూడని వేళ వెళ్ళాను. గది దగ్గర ఘాటు లేదు. ముగ్గురు హాయిగా జడలు వేసుకుంటున్నారు. నాలుగో ఆమె, కోటేశ్వరమ్మ, ముప్పై ఏళ్ళుంటాయేమో, గోడవైపు తిరిగి నోట్లో కొంగు కుక్కుకుని దగ్గుతోంది. ఆ దగ్గు వేరు. మిరపకాయ దగ్గు గొంతులో మొదలై గొంతులోనే పోతుంది. ఇది లోపలెక్కడో కింద నుంచి తోడుకుని వస్తోంది. నన్ను చూడగానే ఆమె చెయ్యి కొంగు ముడి మీదకు పోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. ముడి విప్పమన్నాను. విప్పింది. నలిపిన తాలుకాయలు, గుప్పెడు.

షెడ్డులోని గోతాల్లోంచి తెచ్చుకుని, నేను వచ్చే వేళకు అవి చేత్తో నలిపి దులిపేదట. గదంతా దగ్గితే తన దగ్గు అందులో కలిసిపోతుందని.

మిగతా ముగ్గురూ విని నోళ్ళు నొక్కుకున్నారు, వెంటనే బయటికి వెళ్ళిపోయారు. కోటేశ్వరమ్మ లేవలేదు.

"మిరపకాయ దగ్గయితే ఇంటికి పంపిస్తన్నారు గదమ్మా. కాదంటే అంబులెన్సులో తీసకపోతారంట. ఇంక మా ఊళ్ళో నన్ను గడప తొక్కనిస్తారా? నా పిల్లని ఎవరన్నా దగ్గరికి రానిస్తారా?"

పిల్లకు ఐదేళ్ళు నిండలేదు. ఆడపడుచు దగ్గర వదిలి కోతకు వచ్చింది. మొగుడు సిమెంటు లారీ మీద క్లీనరు, లాక్‌డౌన్‌కు నాగపూర్ అవతల ఎక్కడో చిక్కుకుపోయాడు. ఆమెకు చావు భయం లేదు, ఊళ్ళో పిల్ల ఒంటరిదవుతుందన్న భయమే ఉంది. నాకు ఆమె మీద కోపం రావాలి. నిజం చెప్పాలంటే రాలేదు. నా పేరు షాహీన్. కరోనా ముస్లింలే తెచ్చారని పుకారు లేచిన ఆ రోజుల్లో, నా పేరు తలుచుకుని రెండడుగులు వెనక్కి జరిగినవాళ్ళను, ఏళ్ళ తరబడి నా చేత పిల్లలకు టీకాలు వేయించుకున్నవాళ్ళలోనే చూశాను. ఊరు వెనక్కి జరిగితే ఎలా ఉంటుందో నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

కానీ డ్యూటీ డ్యూటీయే. డాక్టరమ్మకు చెప్పాను. గొంతులోంచీ ముక్కులోంచీ శాంపిల్ తీసి విజయవాడ పంపారు. ఫలితం వచ్చేదాకా ఆమెను ఒంటరి గదిలో ఉంచారు. వెంకన్న మేస్త్రీ వరండాలో నిలబడి, ఈమె వల్ల మా అందరి పుట్టి మునిగింది అని రోజూ తిట్టేవాడు. ఒకరోజు నేను ఊరుకోలేక, నీ ముఠాలో బాగా పనిచేసేది ఎవరయ్యా అని అడిగాను. కాసేపు నసిగి, ఆమే అన్నాడు. అయితే నోరు మూసుకుని ఆమెకు అన్నం ప్యాకెట్టు ఇచ్చి రా అన్నాను. ఇచ్చాడు, కిటికీ దగ్గర పెట్టి.

ఫలితం వచ్చింది. కరోనా లేదు. హాస్టల్లో పండగ. మేస్త్రీ అప్పటికప్పుడు మంచివాడైపోయి, మిరపకాయ దగ్గే, నేను ముందే చెప్పా అన్నాడు. రెండు వారాలు కూడా అయిపోవచ్చాయి. కోటేశ్వరమ్మ మూట కట్టుకుని కూర్చుంది. ఆమె మొహంలో మొదటిసారి నవ్వు చూశాను. పంపేస్తే అందరికీ సంతోషమే.

నాకు మాత్రం లోపల ఒకటే దురద. కరోనా కాదు సరే. మిరపకాయ కూడా కాదు, ఆ కొంగు ముడి విప్పించి నేనే పారేయించాను కదా. మరి మూట మీద కూర్చుని కూడా దగ్గుతోందే, అదేమిటి? వెళ్ళి కొంచెం దూరంలో కూర్చున్నాను.

"కోటేశ్వరమ్మా, ఈ దగ్గు ఎప్పటి నుంచి?"

"పోయినేడు కోతల కాణ్ణించమ్మా. మిరపకాయ దగ్గేగా, అందరికీ ఉండేదే."

"మరి వానాకాలం నాట్లేసేటప్పుడు దగ్గావా?"

"దగ్గా."

"వరి మడిలో మిరపకాయ ఎక్కడిది?"

ఆమె నా వంక చూసింది. ఏడాదిగా ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు, ఆమె తనను తాను కూడా అడగలేదు. తర్వాత అడిగినవాటికి తనే చెప్పుకుంటూ పోయింది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడటం, చెమటకు చీర తడిసిపోవడం, జాకెట్లు వదులైపోయి రెండుసార్లు కుట్లు వేయించుకోవడం. పనిచేసే ఒళ్ళు కదా, సన్నబడితే ఏముంది అనుకుందట.

డాక్టరమ్మ వెంటనే కఫం పరీక్ష చేయించమంది. ఇందులో ఒక చిన్న కిటుకు ఉంది. డబ్బా ఇచ్చి కఫం తెమ్మంటే సగం మంది ఉమ్మి తెస్తారు. అది పనికిరాదు. పొద్దున్నే నోరు పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి, లోతు నుంచి దగ్గి తీయాలి. అన్నాళ్ళూ దగ్గు దాచుకోవడానికి పాట్లు పడ్డ మనిషిని, ఇప్పుడు గట్టిగా దగ్గమని బతిమాలాల్సి వచ్చింది. బస్సులు లేవు కాబట్టి ఆ డబ్బా పోలీసు జీపులో నందిగామ వెళ్ళింది. తీసుకువెళ్ళింది ఆ లాఠీ కానిస్టేబులే. టీబీ అని తేలింది.

ఆమె ఏడ్చింది. నేను ఏడవనిచ్చాను. తర్వాత చెప్పాను, దీనికి మందుంది, ఆరు నెలలు రోజూ మింగాలి, మింగితే పోతుంది, కరోనాకైతే మా దగ్గర మందే లేదు అని. మందుల వల్ల మూత్రం ఎర్రగా వస్తుంది, కంగారుపడొద్దు అన్నాను. ఏడుస్తూనే, అది కూడా మిరపకాయేనా అమ్మా అంది. ఇద్దరం నవ్వాం. పిల్లకు కూడా పరీక్ష చేయించాం. జబ్బు లేదు, రాకుండా మాత్రలు ఇచ్చాం. ఇంకో ఏడాది ఆ తల్లి పక్కలో పడుకుని ఉంటే ఏమయ్యేదో. ఊళ్ళోకి రానివ్వరని కదా ఆమె భయం. అక్కడి నర్సుకు ఫోన్ చేసి, ఆశా అమ్మాయిని ముందు పంపి, ఇంటి దగ్గర దించేటప్పుడు నేనూ వెళ్ళి, అందరూ చూస్తుండగా పిల్ల తల నిమిరి వచ్చాను. అది వైద్యమో కాదో నాకు తెలియదు.

నాకు ఆ కేసు నేర్పింది ఒకటే. దగ్గుకు ఒక పేరు పెట్టేశామంటే ఇంక దాన్ని ఎవరూ వినరు. మిరపకాయ అని పేరు పెట్టి ఏడాది వినలేదు. కరోనా అని భయపడి, అది కాదని తేలగానే మళ్ళీ వినడం మానేయబోయాం. ఆ తర్వాత ఏటా కోతల కాలంలో నేను ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతున్నాను.

ఈ ఏడు ఆ అవసరం కూడా రాలేదు. చెవిటికల్లు చుట్టుపక్కల పల్లెల్లో వైద్య శిబిరానికి నన్ను కూడా వేశారు. కోటేశ్వరమ్మ బడికి పోయే కూతురిని వెంటబెట్టుకుని పలకరించడానికి వచ్చి, పక్కన నిలబడి కబుర్లు చెబుతోంది. ఒళ్ళు చేసింది, గొంతు పెరిగింది. వరుసలో ముందున్న ముసలామె దగ్గుతూ వచ్చి, నేను నోరు తెరవకముందే, మిరపకాయ దగ్గులే అమ్మా, తలనొప్పికి బిళ్ళ ఇవ్వు చాలు అంది.

కోటేశ్వరమ్మ మాట మధ్యలో ఆపి ఆమె వైపు తిరిగింది.

"వానాకాలం కూడా దగ్గావా, పెద్దమ్మా?"

ముసలామె ఆలోచనలో పడింది. నేను కఫం డబ్బా తీశాను.